సంఘశాస్త్రము శాస్త్రమగునా?

సంఘమునుగూర్చిన విచారణ శాస్త్రమా, లేక కేవలము వాగ్విలాసమా యని విద్యావంతులలో చిరకాలముగ వాదము కలదు. ఆ వాదమునకు సమాధానము చెప్పుటకై తన యాయువును ధారపోసిన ఫ్రెంచి పండితుడు ఎమీల్ దుర్ఖైము చరిత్రమును నేడు పాఠకులకు స్మరింపజేయుచున్నాము.

ఈయన 1858వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన లొరేను ప్రాంతమందలి ఎపినాలు పట్టణమున, యూద మతగురువుల వంశమున జన్మించెను. పండ్రెండేండ్ల బాలుడై యుండగా, 1870లో స్వదేశము జర్మనుల చేతిలో పరాజయము నొందసాగెను. జనులను ఒక్కటిగ కట్టియుంచు బంధమేది యను ప్రశ్న ఆయన గ్రంథములన్నిటను కానవచ్చును.

1887లో బోర్డో విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. సాంఘిక విషయములను వస్తువులవలె వెలుపలినుండి పరిశీలింపవలెనని 1895లో నియమ మేర్పఱచెను. 1897లో ఆత్మహత్యలపై వ్రాసిన గ్రంథమున ఆ నియమమును పరీక్షకు బెట్టెను. మేనల్లుడు మార్సెల్ మోస్ సుమారు 26,000 మరణముల పత్రములను వర్గీకరించి తోడ్పడెను. కేవలము వ్యక్తిగతమని తలపబడు ఈ దుఃఖమునందును ప్రతిదేశమునకు ఇంచుమించు స్థిరమైన ప్రమాణము కలదనియు, అది కాథలిక్కులకన్న ప్రొటెస్టెంట్లలో హెచ్చనియు, యుద్ధకాలమున తగ్గుననియు చూపెను. సంఘబంధము సడలినచోట జీవితాశయు సడలునని ఆయన నిర్ణయము.

1915లో కుమారుడు ఆంద్రే యుద్ధమున మరణించెను. ఆ శోకమునుండి తేరుకొనకయే దుర్ఖైము 1917 నవంబరు 15వ తేదీన, ఏబదితొమ్మిదేండ్ల ప్రాయమున దివంగతుడయ్యెను.

ఆయన పద్ధతిలో లోపములు లేకపోలేదు. ఆ లెక్కలు అధికారులు వ్రాసినవి. అపకీర్తికి వెఱచి బంధువులు మరణకారణమును మఱుగుపఱచినచోట అంకె తగ్గును. పిమ్మటి విమర్శకులు ఈ దోషమును ఎత్తిచూపిరి. మా యభిప్రాయమున, అట్లు ఎత్తిచూపుటకు వీలగుటయే అది శాస్త్రమనుటకు నిదర్శనము. వాగ్విలాసమును లెక్కలతో ఖండించుట యెవ్వరి తరము?

ఇది పండితులకు మాత్రమే చెందిన చర్చ కాదు. 1911 నాటి చట్టముక్రింద చెన్నరాజధానిలో కొన్ని తెగల నన్నిటిని నేరజాతులని ప్రకటించి, పుట్టుకనే నేరముగ నెంచిరి. స్వతంత్ర భారతమున ఆ శాసనము 1952లో రద్దయ్యెను. నేరమునకు మూలము రక్తమున గాక సంఘస్థితియందు వెదకవలెనని చెప్పువిద్యను మేము నిస్సంశయముగ శాస్త్రమనియే యెంతుము; అయితే తన లెక్కలను తానే శంకించుచున్నంతవఱకే దానికా గౌరవము.