కుండ కలిపి మెతుకు పట్టిన మహలనోబిస్

సర్వే అంటే మన తెలంగాణోళ్లకు మొదలు యాదికొచ్చేది 2014 ఆగస్టు 19. ఆ రోజు రాష్ట్రమంతా ఇండ్లల్ల కూసుంది. బతకపోయినోళ్లు బస్సులు, రైళ్లు పట్టుకొని ఊర్లకొచ్చిండ్రు. కాయితంల పేరెక్కకపోతే మనిషే లేనట్టని భయం. అందుకే ఇప్పుడు ఎవరన్నా బీపీ మిషన్, బరువు తూచే మిషన్ పట్టుకొని ఊర్లకొచ్చి కొన్ని ఇండ్లు మాత్రమే తిరిగి పోతే మన పోరగాళ్లు అడుగుతరు: మా ఇంటికే రాలేదు, మా జిల్లా ఆరోగ్యం లెక్క ఎట్ల తీసిండ్రు అని.

అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఒక మనిషి బతుకుల దొరుకుతది. ఆయన పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆయన ఒక్క బిట్టు, రెండో పంచవర్ష ప్రణాళిక. నా లెక్కల మాత్రం ఆయన అంతకన్నా చాలా పెద్ద మనిషి. మనల్ని అందరినీ అడగకుండనే మన సంగతి చెప్పే ఉపాయం ఈ దేశానికి నేర్పింది ఆయనే.

1893 జూన్ 29న కలకత్తాల పుట్టిండు. ప్రెసిడెన్సీ కాలేజీల ఫిజిక్స్ చదివి, కేంబ్రిడ్జి పోయిండు. అక్కడ మన రామానుజన్‌తోటి దోస్తానా కుదిరింది. 1915ల ఇంటికి మళ్లేటప్పుడు ఒక పత్రిక సంచికలు ఆయన కంటవడ్డయి. మనుషుల ఒడ్డూపొడుగులను లెక్కలతోటి చదివే పత్రిక అది. వాటిని కొనుక్కొని ఓడల చదువుకుంట వచ్చిండు. ఓడ దిగేనాటికి ఫిజిక్స్ మాష్టారు మనసు గణాంకాల మీదికి మళ్లింది. ఎవరూ క్లాసుల కూసోబెట్టి చెప్పలేదు. సొంతంగా నేర్చుకున్నడు. ఫోన్ల చూసి చదువుకునే మన పిల్లలకు ఈ ముచ్చట చెప్పాలె.

మొదట ఆయన చేతికొచ్చిన పని ఏందో తెలుసా? కలకత్తాల ఉండే ఆంగ్లో ఇండియన్ మగోళ్ల ఎత్తుల కొలతలు. 1922ల దాని మీద వ్యాసం అచ్చయింది. అంటే పెద్దోళ్ల ఒంటిని కొలిచి సమాజాన్ని చదివే పని తోటే ఆయన మొదలు పెట్టిండు. 1931 డిసెంబర్‌ల కాలేజీల ఒక చిన్న గదిల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిండు. మన తెలుగాయన సి.ఆర్. రావు ఆంధ్రా యూనివర్సిటీల లెక్కలు చదివి, 1941ల ఆ సంస్థలనే చేరిండు. తర్వాత లోకమంతా పేరు తెచ్చుకున్నడు.

ఇగ అసలు ముచ్చట. బెంగాల్‌ల జనుము ఎంత పండుతదో చెప్పాలె. ప్రతి మడీ తిరిగి రాస్తే వేలమంది గావాలె, పైసలు మస్తు ఖర్చు. మహలనోబిస్ కొన్ని జాగలు మాత్రమే తీసుకొని కొలిపించిండు. ఆ జాగలు ఎవరి ఇష్టం మీద ఎంచినయి కావు. చీటీలు తీసినట్టు తీసినయి. ఇంకో కిటుకు కూడ పెట్టిండు. ఒకే ప్రాంతంల రెండు జట్లను వేరువేరుగ పంపిండు. రెండింటి లెక్క కలవకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఇంట్ల కూసొని దొంగ రాతలు రాసేటోళ్లు గట్ల దొరికిపోయేది.

1943ల బెంగాల్ కరువు లక్షల మందిని మింగింది. కరువు పోయినంక ఆయన మనుషులు ఊర్లకు పోయిండ్రు. ఎవరు భూమి అమ్ముకున్నరు, ఎవరు కుదువ పెట్టిండ్రు, ఎవరు పని మార్చుకున్నరు అని ఇండ్లల్ల అడిగి రాసిండ్రు. కూలోళ్లు, చేపలు పట్టేటోళ్లు ఎక్కువ కూలిపోయిండ్రని తేలింది. కరువు అందరి మీద ఒక్కతీరుగ పడదు. ఆ మాట ఉపన్యాసం లెక్క కాకుండ అంకెలతోటి తేల్చిన పని అది.

1947ల దేశం ముక్కలైనప్పుడు ఢిల్లీ ఎర్రకోటల శరణార్థులు తలదాచుకున్నరు. లోపల ఎంతమంది ఉన్నరో సర్కారుకు తెల్వదు. పోయి లెక్కబెట్టే పరిస్థితి లేదు. తిండి సప్లై చేసే కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెరుగుతున్నయి. మహలనోబిస్ సంస్థతో పనిచేసిన జె.ఎం. సేన్‌గుప్తాకు ఒక ఉపాయం తట్టింది. బియ్యం, పప్పు ధర ఎక్కువ కాబట్టి వాటిల దొంగలెక్క ఉంటది. ఉప్పు అగ్గువ, దాంట్ల దొంగతనం చేసి ఏం మిగుల్తది? ఎంత ఉప్పు పోయిందో చూసి, మనిషికి ఇంత అని భాగిస్తే జనం లెక్క వచ్చింది. బిల్లుల మోసం బయటపడ్డది. సర్వే అంటే గిదీ. తెలివి ఉంటే ఉప్పు కూడ సాక్ష్యం చెప్తది.

1950ల ఆయన చొరవతోటి జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఊర్లు ఎంచి, ఇండ్లు ఎంచి, ఏం తింటున్నరు, ఎంత ఖర్చు పెడుతున్నరు అని అడిగిండ్రు. ఆ సర్వేనే ఇప్పటికీ ఆరోగ్యం గురించి కూడ అడుగుతది. 2017 జులై నుంచి 2018 జూన్ దాక 1,13,823 ఇండ్లల్ల రోగాలు, దవాఖాన ఖర్చులు అడిగి రాసిండ్రు.

ఆయన దేవుడు కాదు. రెండో ప్రణాళికల పెద్ద యంత్రాలకు, ఉక్కుకు పెద్దపీట ఏసిండని, వ్యవసాయం ఎనకపడ్డదని విమర్శ ఉన్నది. ఆ విమర్శల నిజం ఉందనేది నా మాట. మా పాల్వంచ కరెంటు కార్ఖానాలు కూడ ఆ కాలపు ఆలోచన బిడ్డలే. మెగావాట్ల లెక్క పేపర్ల వస్తది. చుట్టుపక్క ఊర్ల ఊపిరి లెక్క మాత్రం వెతికినా దొరకదు.

1972 జూన్ 28న, ఇంకొక్క రోజైతే 79 ఏండ్లు నిండుతయి అనంగ కన్నుమూసిండు. ఆయన పుట్టినరోజును ఇప్పుడు గణాంకాల దినం అంటున్నరు. ఆయన పోయిన ఏడే హైదరాబాద్ పోషకాహార సంస్థల జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో పుట్టింది. వాళ్లు ఊర్లల్ల, ఆదివాసీ గూడేలల్ల తిరిగి, నిన్న ఏం తిన్నరని అడిగి, ఒళ్లు కొలిచి రాసిండ్రు. 2015ల ఆ బ్యూరోను మూసేసిండ్రు.

ఇయ్యాల మన దగ్గరికి వచ్చేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019–21 సర్వేల దేశం మొత్తం 6,36,699 ఇండ్లు తిరిగిండ్రు. ఎంచిన ఒక్కో జాగల ఇండ్లన్నీ రాసుకొని, అందుల 22 ఇండ్లు తీస్తరు. తాళం ఉంటే పక్కింటికి పోకూడదు, మళ్లా రావాలె. 15 ఏండ్లు దాటినోళ్లకు బీపీ, షుగర్ చూసిండ్రు. 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ల వేలి నుంచి చుక్క రక్తం తీసి రక్తహీనత చూసిండ్రు. తెలంగాణల 57.6 శాతం మందికి ఉన్నట్టు తేలింది. అంటే నూరుమంది ఆడోళ్లల్ల సగానికి పైనే.

అన్నం ఉడికిందా లేదా అని తెల్వాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటరు మన పెద్దోళ్లు. నిజమే, కానీ కుండ కలిపినంకనే. పైమెతుకు పట్టిచూస్తే అడుగు మాడింది తెల్వదు. మహలనోబిస్ జన్మంతా చేసింది ఆ కలిపే పనే.

మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాను చూడుర్రి. 2016ల జిల్లా పుట్టినంక సర్వేల మా లెక్క ఖమ్మం నుంచి విడిగ వచ్చింది. మంచిదే. కానీ కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లు, పాల్వంచ టౌను, గుండాల, చర్ల కోయ గూడేలు అన్నీ ఒక్క సగటుల కలిసిపోతయి. ఇండ్లు ఎంచడానికి ఆధారం 2011 జనగణన జాబితా. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడివిల గుడిసెలేసుకున్న ఆదివాసుల గుంపులకు ఆ జాబితాల పేరే లేదు. ఆ మెతుకులు కుండల పడనే లేదన్నట్టు.

ఇంకో భయం కూడ ఉంది. అంకె నచ్చకపోతే సర్కార్లు దాచిపెడుతయి. 2017–18ల ఇంటి ఖర్చుల మీద చేసిన జాతీయ నమూనా సర్వే ఫలితాలు ఇయ్యమని, డేటా బాగలేదని 2019 నవంబర్‌ల కేంద్రం చెప్పింది. బాగలేదో, బాధ పెట్టిందో నిజం తెల్వాలంటే బయట పెట్టాలె కదా.

అందుకే సర్వేకొచ్చినోళ్లను ఎల్లగొట్టకుర్రి. పింఛన్ పోతదని తాగుడు దాచకుర్రి, సిగ్గుపడి ఆకలి దాచకుర్రి. మీ ఒక్క ఇల్లు వందల ఇండ్ల తరఫున మాట్లాడుతది. చదువుకున్న పిల్లలు జిల్లా నివేదికను ఆన్‌లైన్ల తీసి, గ్రామసభల చదివి వినిపియ్యుర్రి. ఐటీడీఏను నిలదీసి గూడేల లెక్క విడిగ అడుగుర్రి. పొగ పడే ఊర్లల్ల పెద్దోళ్ల ఊపిరితిత్తుల సర్వే అడుగుర్రి. బెంగాల్ కూలోళ్ల గతి 1940లల్లనే లెక్కకెక్కింది. మన గూడేల లెక్క ఎందుకు రాదని అడిగేది మన వంతు.