మాణిక్యపురం గొంతుకు శనార్థి

మార్చి 29 వచ్చిందంటే మనసు మాణిక్యపురం మీదికి పోతుంది. జనగామ జిల్లా లింగాలఘనపూర్ మండలంలోని ఆ ఊళ్లో 1935లో పుట్టారు చుక్క సత్తయ్య. ఒగ్గుకథ అనగానే మా పక్క మొదట తలచే పేరు ఆయనదే. ఈ జయంతి పండుగ పూట ఆయనకూ, ఆ బాటలో డోలు భుజానికెత్తిన కళాకారులందరికీ శనార్థి.

ఒగ్గు అంటే శివుని చేతి డమరుకం. ఒగ్గు పూజారులు పసుపు కుంకుమలతో పట్నం ముగ్గు వేసి, మల్లన్న పెండ్లి చేసి, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ పాడతారు. అది మొక్కు తీర్చే పాట. సత్తయ్య ఆ పాటను పట్నం ముగ్గు దాటించి నలుగురి నడుమకు తెచ్చారు. రామాయణ భారతాలనూ ఒగ్గులో చెప్పారు, కుటుంబ నియంత్రణ ముచ్చటనూ చెప్పారు. అమెరికాలో అరెతా ఫ్రాంక్లిన్ కూడా డెట్రాయిట్‌లో తండ్రి చర్చిలో పాడిన గొంతుతోనే సోల్ సంగీతానికి రాణి అయింది. దేవుని ముందు పదునెక్కిన గొంతు బజారుకొచ్చినా దానిలోని ఆర్తి చెక్కుచెదరదు.

ఒగ్గుకథలో తెర లేదు, మేడల బొమ్మల్లేవు. డోలు, తాళం, పక్కన వంత పాడే మనిషి, అంతే. కథకుడు భుజం మీది తువ్వాలను కొంగులా వేసుకుంటే తల్లి, నడుముకు బిగిస్తే రాజు. వంతగాడు ‘తర్వాత ఏమైంది’ అని అడిగేది మనం అడగాలనుకున్నదే. మాట మాటగానే నడుస్తూ ఎక్కడో రాగమవుతుంది. డోలు ఒక్కసారి ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో బిడ్డను సాగనంపే తల్లి గొంతు వినిపిస్తే ముందు వరుసలో అవ్వలు కొంగుతో కళ్లొత్తుకుంటారు.

సంగీత నాటక అకాడమీ పురస్కారం సత్తయ్య గొంతును దేశానికి చూపింది. 2017 నవంబర్ 9న ఆయన వెళ్లిపోయారు. ఇవాళ ఊరేగింపుల్లో ఒగ్గుడోలు విన్యాసాలకు జనం మురిసిపోతున్నారు, నాకూ సంతోషమే. కానీ ఒగ్గుకు ప్రాణం కథ.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో పట్నాలు వేయడానికి బయలుదేరే తమ్ముళ్లారా, మీ డోళ్లు పదికాలాలు మోగాలి. ఈ ఏడు ఒక్క ఊళ్లోనైనా తెల్లవార్లూ మల్లన్న కథ పూర్తిగా చెప్పండి. ముందు వరుసలో చాప వేసుకుని కూర్చుంటాం.