కష్టజీవి కుమ్రం భీం – యువతరం తెలుసుకోవలసిన మరో కోణం



ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు మనం జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి జరుపుకుంటున్నాం. గోండులు, కొలాంలు, ప్రధానులు, తోటీలు ఊరూరి నుంచి తరలివస్తారు. పూజలు చేస్తాం, జెండా ఎగరేస్తాం, ఆయన విగ్రహం ముందు తలవంచుతాం. ఆ విగ్రహం చేతిలో తుపాకీ ఉంటుంది. అందుకే మన పిల్లలను భీం ఎవరని అడిగితే, తుపాకీ పట్టి నిజాం సర్కారుతో కొట్లాడిన వీరుడని వెంటనే చెబుతారు. అది నిజమే. కానీ ఆయన సుమారు నలభై ఏళ్ల జీవితంలో తుపాకీ పట్టిన కాలం చాలా తక్కువ. మిగిలిన ఏళ్లన్నీ పని చేస్తూనే గడిచాయి. పొలంలో పని, అచ్చుయంత్రం దగ్గర పని, తేయాకు తోటలో పని, మళ్లీ పొలంలో పని. ఆ పని వెనుక ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటి మీద చెప్పలేనంత మమకారం ఉంది. ఈ సంచికలో మేము ఆ భీంను మీకు పరిచయం చేయాలనుకున్నాం.

దీనికి కారణం ఉంది. మన ఊళ్ల నుంచి చదువు కోసం, కూలి కోసం హైదరాబాద్ వచ్చే పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. కొందరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. కొందరు ఉస్మాన్‌గంజ్ వంటి హోల్‌సేల్ బజార్లలో మూటలు ఎత్తుతూ, దుకాణాల్లో సరుకు తూస్తూ నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నారు. వీరిలో చాలామందికి తమ పని చిన్నదని లోపల ఒక సంకోచం ఉంటుంది. భీం లాంటి పెద్దల జీవితం వేరు, మన బతుకు వేరు అనుకుంటారు. ఆ రెండూ అంత దూరమైనవి కావని చెప్పడమే మా ఉద్దేశం.

భీం బాల్యం, ప్రవాస జీవితం గురించి మనకు తెలిసినది ఎక్కువగా పెద్దల నోట వచ్చిన కథే. రచయితలు అల్లం రాజయ్య, సాహు ఆ కథలను ఆధారం చేసుకుని ఆయన మీద నవల రాశారు. ఆ తరువాతే తెలుగు నేల అంతటా భీం పేరు ఇంటింటికీ చేరింది. ఇక్కడ మేము చెబుతున్నది కూడా ప్రధానంగా మన పెద్దలు చెప్పుకునే ఆ కథే.

భీం 1901లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకెపల్లి గూడెంలో పుట్టారు. తండ్రి పేరు చిన్నూ. ఆ రోజుల్లో నిజాం సర్కారు అడవులకు హద్దులు గీసి రిజర్వులుగా ప్రకటిస్తోంది. 1917లో వచ్చిన అటవీ చట్టంతో ఆ కట్టడి మరింత బిగిసింది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేను ఒక్క రోజులో నేరమైంది. పశువులు మేపితే బంచరాయి పన్ను, కట్టెలు కొడితే జరిమానా. మన వాళ్లకు కాగితాలు లేవు. కాగితం చదవగలిగిన వాళ్లు మైదానం నుంచి వచ్చి మన భూముల మీద పట్టాలు చేయించుకున్నారు. ఈ గొడవల్లోనే అటవీ అధికారుల చేతిలో చిన్నూ ప్రాణాలు పోయాయని చెబుతారు. అప్పటికి భీంకు పదిహేనేళ్లు.

తండ్రి పోయిన ఇంటిని ఎవరో ఒకరు మోయాలి. కుటుంబం సుర్దాపూర్‌కు వలస వెళ్లింది. భీం, ఆయన అన్నదమ్ములు, చిన్నాన్నలు కలిసి కొత్త చోట చెట్లు కొట్టి, రాళ్లు ఏరి, చేను తయారు చేశారు. పంట చేతికి వచ్చే వేళకు ఆ భూమి తనదంటూ ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ ఘర్షణలో భీం కొట్టిన దెబ్బకు అతను చనిపోయాడు. ఇంటికి అన్నం పెడుతున్న చేయి అదే రోజు ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చింది. మన పాటల్లో ఇది శౌర్యంగా వినిపిస్తుంది. కానీ ఆ ఇంటి ఆడవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ముందు ఇంటి పెద్ద పోయాడు, తరువాత ఎదిగిన కొడుకు కనబడకుండా పోయాడు. ఆ బాధ భీం మనసులో చివరి వరకూ ఉందని ఆయన తరువాతి జీవితమే చెబుతుంది.

ఆయన చేరింది చంద్రపూర్‌కు. మన వాళ్ల నోట అది చాందా. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం నడుపుతూ, బ్రిటిషు వారికీ నిజాంకూ వ్యతిరేకంగా పత్రిక వేసేవాడట. ఆయన దగ్గర భీం పనికి కుదిరారు. ఆ కాలపు ప్రెస్సులో పని అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా గళ్లలో నుంచి ఏరి వరుసలో పేర్చాలి. అక్షరం ఎదురు తిప్పి ఉంటుంది, చదవడం చేతికి అలవాటు కావాలి. సిరా పూయాలి, కాగితం పెట్టాలి, అచ్చు తీయాలి, కట్టలు కట్టి పంపాలి. బడి ముఖం చూడని గోండు యువకుడు ఆ పనిలో ఉంటూనే హిందీ, ఉర్దూ, కొంత ఇంగ్లీషు నేర్చుకున్నాడని మన పెద్దలు గర్వంగా చెబుతారు. ఏ కాగితం తన ఇంటిని కూల్చిందో ఆ కాగితాన్ని చదవడం ఆయన కూలి పనిలోనే నేర్చుకున్నారు.

విఠోబా అరెస్టు కావడంతో ఆ పని పోయింది. అప్పుడు భీం రైలెక్కి అస్సాం వెళ్లారు. ఆ రోజుల్లో అస్సాం తేయాకు తోటలు మధ్య భారతంలోని ఆదివాసీల చెమటతో నడుస్తున్నాయి. సంతాల్, ముండా, ఉరావ్ వంటి తెగల వారిని దళారులు వేలాదిగా తోటలకు చేర్చారు. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున గిల్లి బుట్ట నింపాలి. తూకం ప్రకారమే కూలి. కోసిన ఆకును తోటలోని ఫ్యాక్టరీలో వాడబెట్టాలి, నలపాలి, పులియబెట్టాలి, ఆరబెట్టాలి. కాంట్రాక్టు మధ్యలో పని మానితే కూలీని నేరస్తుడిగా చూసే చట్టం 1859 నుంచి 1920ల వరకూ అమలులో ఉంది. 1921లో చర్‌గోలా లోయ తోటల నుంచి వేలమంది కూలీలు కూలి చాలక, అన్యాయం భరించలేక, కుటుంబాలతో సహా నడిచి బయటకు వచ్చేశారు. చాంద్‌పూర్ రేవు దగ్గర వారిని సాయుధ బలగాలతో చెదరగొట్టారు. భీం అడుగుపెట్టిన లోకం అలాంటిది.

అక్కడ ఆయన నాలుగైదేళ్లు పని చేశారని చెబుతారు. పగలు తోట పని, తోటి కూలీల కష్టసుఖాలు, వారి తరఫున మాట్లాడటం. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 నుంచి 1924 వరకూ సాగిన మన్యం పోరాటం సంగతి కూడా ఆయన చెవిన పడిందని మన వాళ్ల నమ్మకం. చివరకు తోటలో జరిగిన కూలీల గొడవలో ఆయన్ను పట్టుకున్నారు. ఆయన తప్పించుకుని గూడ్సు బండిలో బల్లార్షా చేరారు.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగాలి. పని తెలిసినవాడు, మూడు భాషలు వచ్చినవాడు, ఒంటరివాడు. ఏ పట్టణంలోనైనా కొత్త పేరుతో బతికేయవచ్చు. సొంత ఊళ్లో ఆయన మీద కేసు ఉంది. అయినా ఆయన వెనక్కే వచ్చారు. తల్లి, అన్నదమ్ములు కాకన్‌ఘాట్‌లో తలదాచుకుంటున్నారని తెలుసుకుని అక్కడికి చేరారు. నాయకుడిగా రాలేదు. లచ్చు పటేల్ ఇంట్లో జీతానికి కుదిరారు. నాగలి పట్టారు, పశువులు చూశారు. కోర్టులో చిక్కుకున్న పటేల్ భూమి తగాదాలో కాగితాలు చదివి దారి చూపారని చెబుతారు. అచ్చుయంత్రం దగ్గర నేర్చిన అక్షరం మొదటిసారి ఒక గూడెం పనికి వచ్చింది అక్కడే. ఆ ఇంటి పెద్దలే దగ్గరుండి ఆయన పెళ్లి చేశారు.

పెళ్లయ్యాక సొంత చేను ఉండాలని భీం, అన్నదమ్ములు, చుట్టాలు కలిసి బాబేఝరి వైపు వెళ్లి అడవి నరికి సాగు మొదలుపెట్టారు. మళ్లీ అదే కథ. అటవీ సిబ్బంది వచ్చి ఇళ్లు కాల్చారు, ఖాళీ చేయమన్నారు. తండ్రి కాలంలో జరిగిందే తన పిల్లల కాలంలోనూ జరుగుతుందని ఆయనకు అర్థమైంది. ఒక్క ఇంటిని కాపాడుకోవాలంటే చుట్టుపక్కల ఇళ్లన్నీ నిలవాలి. మన గోండుల్లో కుటుంబం అంటే నాలుగు గోడలు కాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా, అన్నదమ్ములుగా, వియ్యాల వారుగా అల్లుకున్న పెద్ద బంధం. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ సహా పన్నెండు గూడేలను భీం ఒక్కతాటిపైకి తెచ్చింది ఆ బంధాన్ని పట్టుకునే.

ఆయుధం పట్టడానికి ముందు ఆయన అర్జీ పట్టారు. నిజాంకు నేరుగా మొరపెట్టుకోవాలని హైదరాబాద్ వెళ్లారని, దర్శనం దొరకక తిరిగి వచ్చారని మన పెద్దలు చెబుతారు. ఇవాళ మన పిల్లలు పని చేసే ఉస్మాన్‌గంజ్ ఆ రాజు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన బజారే. ఆయన పేరుతో పట్నంలో గంజ్, దవాఖానా, విశ్వవిద్యాలయం వచ్చాయి. అదే ఏలుబడిలో మన గూడేలకు తిరిగి తిరిగి వచ్చినది ఖాళీ చేయమనే ఉత్తర్వు. ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసు బలగాల కాల్పుల్లో భీం, ఆయన సహచరులు పలువురు నేలకొరిగారు. సర్కారు గొడవ అణిగిందనుకుంది, కానీ కారణం వెతకక తప్పలేదు. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మన మధ్యకు వచ్చి మార్లవాయిలో ఉండి గోండుల బతుకును పరిశీలించారు. ఆయన సిఫారసులతో గోండు పిల్లలకు సొంత భాషలో చదువు మొదలైంది. 1940లలోనే వేల ఆదివాసీ కుటుంబాలకు లక్షకు పైగా ఎకరాల భూమికి పట్టాలు అందాయి. భీం బతికి ఉండగా అర్జీ పెట్టుకున్నా దక్కనిది ఆయన పోయాక కొంతైనా దక్కింది. 2016 అక్టోబర్ 11న ఆయన పేరుతోనే కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా ఏర్పడింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ జీవితం నుంచి మేము మీ ముందు ఉంచేవి మూడే మాటలు.

మీరు చేసే పని చిన్నది కాదు. భీం కూలీగా, జీతగాడిగా ఉన్న రోజులే ఆయన్ను తయారు చేశాయి. పని చేసే చోట నేర్చుకోదగ్గది ఏదో ఒకటి ఉంటుంది. లెక్క కావచ్చు, భాష కావచ్చు, యంత్రం కావచ్చు. నేర్చుకోండి. ఉస్మాన్‌గంజ్‌కు దగ్గరలోనే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. సెలవు రోజున అక్కడ ఒక గంట కూర్చోండి.

రెండోది, కాగితం. మన పెద్దలు చదవలేక భూమి పోగొట్టుకున్నారు. ఇవాళ 1970 నాటి భూ బదలాయింపు నిబంధన ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. కానీ ఇంట్లో ఉన్న పట్టా మీద ఏం రాసి ఉందో చదివి నాయనకు చెప్పేవాడు లేకపోతే చట్టం ఉన్నా లేనట్టే. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ కాగితాలు తీసి చదవండి. పేరు సరిగా ఉందా, విస్తీర్ణం సరిగా ఉందా చూడండి.

మూడోది, ఇల్లు. పట్నం వెళ్లడం తప్పు కాదు, భీం మనకంటే చాలా దూరం వెళ్లారు. అక్కడ నేర్చినదంతా వెంట తెచ్చుకుని తన వాళ్ల దగ్గరికే వచ్చారు. డబ్బు పంపడంతో పాటు మీరూ రండి. దండారీకి రండి, పెర్సా పేన్ పూజకు రండి, ఇంట్లో గోండి మాట్లాడండి.

కష్టం చేసి బతికిన మన భీంకు కష్టం చేసి బతికే పిల్లలే అసలైన వారసులు.

జై సేవా. జై కుమ్రం భీం.