వెతకడం ఆవిడది... తాళం ఆయనది

సెలవుల పాత సర్క్యులరు ఒకటి కావాల్సొచ్చి ఆఫీసు కంప్యూటర్లో వెతుకుతున్నాను. సెలవు, ఆపరేషన్ అని రెండు మాటలు కొట్టానో లేదో, నా పక్క సీటావిడ ఎప్పుడో పెట్టుకున్న మెడికల్ లీవు దరఖాస్తు ప్రత్యక్షమైంది. ఏం ఆపరేషనో కూడా అందులో ఉంది. గభాలున మూసేశాను గానీ, చదివేసిన కళ్లు ఊరుకుంటాయా! ఆ రోజంతా ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఈ సెర్చ్ ఇంజిన్‌కి ఇంత చురుకుదనం ఎవరు నేర్పారా అని ఆరా తీస్తే ఒక స్త్రీ పేరే తగిలింది. కరెన్ స్పార్క్ జోన్స్.

1935లో ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టారు. తల్లి నార్వే దేశస్థురాలు. కేంబ్రిడ్జిలో ఆవిడ చదివింది లెక్కలు కాదండోయ్, చరిత్ర! కొన్నాళ్లు బళ్లో పాఠాలు చెప్పి, మార్గరెట్ మాస్టర్‌మన్ నడిపే భాషా పరిశోధన బృందంలో చేరారు. 1958లో రోజర్ నీధమ్‌ని పెళ్లాడినా ఇంటిపేరు మార్చుకోలేదు. ఉండే ఇల్లు కూడా ఇద్దరూ కలిసి స్వయంగా కట్టుకున్నారట.

1972లో ఆవిడ ఒక వ్యాసం రాశారు. అన్ని కాగితాల్లోనూ కనిపించే మాటకి విలువ తక్కువ, ఎక్కడో ఒకచోట కనిపించే మాటకి ఎక్కువ అన్నది దాని సారం. పెళ్లి సంబంధాల ఫైల్లో అమ్మాయి అని వెతికితే ఏం లాభం? వీణ అని వెతికితే నలుగురే తేలతారు. తర్వాత వచ్చిన సెర్చ్ ఇంజిన్లు ఎన్నో ఈ సూత్రాన్నే వాడుకున్నాయి.

నాకు గుండె గతుక్కుమన్నది ఇక్కడే. మనం దాచుకునేవన్నీ అరుదైన మాటలే కదా! జబ్బు పేరు, కోర్టు కేసు... అవే ముందు పైకి తేలతాయి. తప్పు సూత్రానిది కాదు. అడిగినవాళ్లకి ఏయే కాగితాలు చూసే హక్కుందో తేల్చుకున్నాకే జాబితా చూపించాలి. తెరవబోతే అడ్డుకుంటే సరిపోదు. పైన కనిపించే శీర్షికా, రెండు వరుసలూ, ఆఖరికి ఎన్ని దొరికాయన్న అంకె కూడా గుట్టు రట్టు చేస్తాయి.

చిత్రమేమిటంటే, ఆ ఇంట్లో తాళాల పని భర్తది! పాస్‌వర్డులని ఎవరూ వెనక్కి విప్పలేని రూపంలోకి మార్చి దాచే పద్ధతి 1960లలో రోజర్ కనిపెట్టిందే. 2003లో ఆయన పోయారు. అదే ఏడు కరెన్ మనుషుల సొంత సంగతుల గోప్యత మీద వ్యాసం రాశారు. కంప్యూటర్లోకి ఎక్కింది చెరిగిపోదనీ, ఎక్కడెక్కడి ముక్కలో ఒకచోట పోగవుతాయనీ ఆవిడ బెంగ.

ఇంత చేసిన మనిషికి ఏళ్ల తరబడి తాత్కాలిక కాంట్రాక్టు ఉద్యోగాలే! ప్రొఫెసర్ అని పిలిపించుకున్నది 1999లో, 60 దాటాక. 2002లో రిటైరయ్యారు, 2007 ఏప్రిల్ 4న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఎవరి పేరూ రాయకుండా మా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. ఇప్పుడు అవే రెండు మాటలు కొడితే సర్క్యులరొక్కటే వస్తోంది. పక్క సీటావిడకి మాత్రం ఇంకా చెప్పలేదు.