ఉక్కు లోపలిని చూపిన సార్బీ

మన సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేత ఎలా ఉందో పోగులు లెక్కపెట్టి చెప్పేస్తాం. ఇనుము అలా కాదు, దాని అల్లిక కంటికి కనబడదు. ఆ అల్లికను మొదట చూపిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీని ఈసారి తలుచుకుందాం.

ఆయన 1826లో ఇంగ్లాండులోని షెఫీల్డ్ దగ్గర పుట్టారు. కత్తులు, పనిముట్లు చేయించే కుటుంబం. 1847లో తండ్రి పోయాక, ఉద్యోగం జోలికి పోకుండా ఉన్న ఆస్తితో పరిశోధనలోనే బతికారు. పెళ్లి చేసుకోలేదు. రాళ్లను పలుచగా అరగదీసి, ఒకే దిశలో కంపించేలా వడగట్టిన పోలరైజ్డ్ వెలుగులో మైక్రోస్కోపు కింద పరిశీలించారు.

లోహం గుండా వెలుగు పోదు. అందుకే 1863లో ఉక్కును అద్దంలా నునుపుచేసి, పలుచని యాసిడ్ పట్టించి, పైనుంచి వెలుగు పడేలా అమర్చారు. లోపలి రేణువులు బయటపడ్డాయి. 1864లో బాత్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో వాటి ఫొటోలు చూపారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రమాదం జరిగిన చోటి రైలు పట్టాను మైక్రోస్కోపులో చూడమని ఉంటే, తనను పిచ్చాసుపత్రికి పంపేవారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

ఇరవై ఏళ్లు దాటాక ఆ పని విలువ లోకానికి తెలిసింది. ఆయన మళ్లీ పూనుకుని, ఉక్కును 650 రెట్లు పెద్దదిగా చూసి, ముత్యపుచిప్పలా మెరిసే భాగం సన్నని పొరల పేర్పు అని తేల్చారు. దాని పేరే పెర్లైట్. 1908లో కన్నుమూశారు.

తర్వాతివారు పోలరైజ్డ్ వెలుగును లోహాల మీదికీ తెచ్చారు. అందులో జింక్, టైటానియం రేణువులు విడివిడిగా తేలి కనిపిస్తాయి. విరిగిన పట్టాను మైక్రోస్కోపు కింద పెట్టడం నేడు మామూలు పని. దానివల్ల నిలిచిన ప్రాణాలే ఆయనకు గౌరవమని మేమనుకుంటాం.