భాగ్యరెడ్డి వర్మ గారిని తలచుకుందాం

మే 22 భాగ్యరెడ్డి వర్మ గారి పుట్టినరోజు. అప్పటికి వేసవి సెలవులిచ్చి మన హాస్టల్‌కి తాళం వేస్తారు. అంబేద్కర్ జయంతిలా ఆయన జయంతి ఇక్కడ జరపడం కుదరదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆయన 1888లో హైదరాబాదులో ఒక పేద మాల కుటుంబంలో జన్మించారు. అసలు పేరు మాదరి భాగయ్య. మరి పేరులో రెడ్డి ఎక్కడిదని హాస్టల్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు అడుగుతుంటారు. ఈ నేలను మొదట ఏలినది మన పెద్దలేనని, రేడు అంటే రాజు అని చెప్పి, వారి కుటుంబ గురువు ఆయన్ని భాగ్యరెడ్డి అని పిలిచారట. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వారిచ్చిన బిరుదు.

చిన్నతనంలో ఒక బారిస్టరు గారింట్లో పనికి కుదిరి, అక్కడే లోకజ్ఞానం సంపాదించుకున్నారు. 1906లో, 18 ఏళ్ల వయసులో, జగన్ మిత్ర మండలి పెట్టారు. మనవాళ్లకు చదువు రాదు కాబట్టి కరపత్రాలతో పని జరగదు. అందుకని హరికథలు, భజనల ద్వారా చెప్పించారు. 1911లో అదే మాన్య సంఘమైంది. తరువాత స్వస్తిక్ దళ్ పేరుతో వాలంటీర్లను తయారుచేశారు. కలరా, ప్లేగు వచ్చి సొంతవాళ్లే దగ్గరకు రాని రోజుల్లో ఈ వాలంటీర్లు రోగులకు సేవ చేశారు, దిక్కులేని శవాలకు అంత్యక్రియలు చేశారు. జీతం లేదు, బత్తెం లేదు. అంటరానివాళ్లని దూరం పెట్టిన ఊరికే వాళ్లు ఆ సేవ చేశారని మనం మరచిపోకూడదు.

అన్నిటికన్నా మనకు దగ్గరైనది ఆయన బడుల పని. 1910లో ఇసామియా బజారులో మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో సాగే కాలమది. ఇంట్లో తెలుగు మాట్లాడే కూలివాళ్ల పిల్లలకు ఆ చదువు ఎక్కేదెలా? అందుకే తన బడుల్లో తెలుగులోనే చెప్పించారు. 1933 నాటికి 26 బడులు, 2500 మంది పిల్లలు! తమ ఇంట్లో మొదటిసారి పలక పట్టినవాళ్లే వారిలో ఎక్కువమంది అయివుంటారు. మనలో చాలామందిమీ అంతే కదా.

ఆడపిల్లలను జోగినులుగా మార్చే ఆచారాన్ని ఎదిరించారు. కల్లు, సారా మానమన్నారు. మాంసం కూడా మానమన్నారు గానీ, ఆ ఒక్క విషయంలో మన హాస్టల్లో ఆయనకు ఓట్లు పడవు. ఆదివారం కోడికూర సంగతి అందరికీ తెలిసిందే.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. పంచములమనే పేరే తప్పు, మనం ఈ నేల ఆదివాసులం అని వాదించారు. దాంతో ఆ సభే ఆది ఆంధ్ర మహాసభ అయింది. హైదరాబాదు రాజ్యంలోనూ ఆయన పట్టు విడవలేదు. 1931 జనాభా లెక్కల్లో మనవాళ్లను నిజాం ప్రభుత్వం ఆది హిందువులుగా నమోదు చేసింది. అంతవరకు తిట్టుగా పిలిచిన పేరు సర్కారు కాగితాల మీదైనా మారింది.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అప్పటికి 51 ఏళ్లు కూడా నిండలేదు.