కార్మిక సంఘానికి ఉత్తరం రాసిన లెక్కల మాస్టారు

ఈసీఈ వాళ్ళకి వీనర్ అనగానే ఫిల్టర్ గుర్తొస్తుంది. సిగ్నల్‌లో నాయిస్ తగ్గించే ఆ ఫార్ములాని పరీక్ష ముందు రోజు రాత్రి బట్టీ కొట్టని వాళ్ళుండరు. నేనూ కొట్టాను. ఏఐ వస్తే మన ఉద్యోగాలు ఏమవుతాయని ఇవాళ క్యాంటీన్‌లో వాదించుకుంటున్నాం కదా, ఆ సంగతి ఆ ఫిల్టర్ మనిషి 75 ఏళ్ళ క్రితమే ఎత్తాడని ఈ మధ్యే చదివాను. అందుకే ఈ వ్యాసం.

నార్బర్ట్ వీనర్ 1894లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి లియో హార్వర్డ్‌లో స్లావిక్ భాషల ప్రొఫెసర్. కొడుక్కి ఇంట్లో తనే చదువు చెప్పేవాడు, అదీ చాలా కఠినంగా. 14 ఏళ్ళకి డిగ్రీ, 18 ఏళ్ళకి హార్వర్డ్ పీహెచ్‌డీ. (ఆ వయసుకి మనం ఎంసెట్ రాశాం!) 1919లో ఎంఐటీలో చేరాడు, ఇక అక్కడే ఉండిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో, శత్రు విమానం కాసేపట్లో ఎక్కడుంటుందో ముందే అంచనా కట్టి గురిపెట్టే పద్ధతి మీద పనిచేశాడు. మన ఫిల్టర్ ఆ రోజులదే. ఫలితాన్ని చూసుకుని తనని తాను సరిదిద్దుకునే ఫీడ్‌బ్యాక్ అనేది జంతువుల్లోనూ యంత్రాల్లోనూ ఒకేలా పనిచేస్తుందని గమనించి, 1948లో 'సైబర్నెటిక్స్' పుస్తకం రాశాడు. చుక్కాని పట్టేవాడు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టాడు. మన సైబరాబాద్‌లో సైబర్ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1949 ఆగస్టులో ఆయన రాసిన ఒక ఉత్తరం. ఒక పెద్ద కంపెనీ ఫ్యాక్టరీల్లో ఆటోమేటిక్ కంట్రోల్ గురించి సలహా అడిగితే వీనర్ ఒప్పుకోలేదు. అక్కడితో ఆగకుండా కార్ల కార్మికుల సంఘం అధ్యక్షుడు వాల్టర్ రూథర్‌కి నేరుగా రాశాడు. మరో 10, 20 ఏళ్ళలో కంప్యూటర్ నడిపే ఫ్యాక్టరీలు వస్తాయి, ఇప్పుడున్న యజమానుల చేతిలో అవి పడితే నిరుద్యోగం ఘోరంగా ఉంటుంది అని హెచ్చరించాడు. సంఘమే ముందుగా ఈ యంత్రాలని అందుకుని లాభం కార్మికులకి చేరేలా చూడొచ్చు, లేదంటే ఈ ఆలోచనల్ని పూర్తిగా తొక్కిపెట్టొచ్చు. ఏది ఎంచుకున్నా వెంట ఉంటానని, తనకి పైసా అక్కర్లేదని రాశాడు. రూథర్ వెంటనే టెలిగ్రామ్ ఇచ్చాడు. తర్వాత ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు కూడా. కానీ పెద్దగా ఏమీ జరగలేదు.

ఆయన వాదన మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. యంత్రం కూలి అడగని వెట్టిమనిషి. వెట్టివాడితో పోటీపడే కూలీకి చివరికి వెట్టి బతుకే మిగులుతుంది. మొదటి పారిశ్రామిక విప్లవం కండబలం విలువ తగ్గించింది, రెండోది బుర్ర విలువ తగ్గిస్తుంది. మరి మార్కెట్ తనే సర్దుకుంటుంది కదా అంటే ఫీడ్‌బ్యాక్ గురించి అందరికన్నా బాగా తెలిసిన ఈయన ఒప్పుకోలేదు. ఆ పోటీకి నిలకడ తెచ్చుకునే గుణమే లేదన్నాడు. కంట్రోల్ సిస్టమ్స్ చదివిన వాడిగా ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొనడం అమ్మడం మీద కాకుండా వేరే విలువల మీద నిలిచే సమాజం కావాలన్నాడు. అది ఎలా కట్టాలో మాత్రం సరిగా చెప్పలేదు, నాకు అదే వెలితి. ఆయన చెప్పిన గడువు కూడా నిజం కాలేదు, 1969 నాటికి ఫ్యాక్టరీలేం ఖాళీ అవ్వలేదు.

ఈయన్ని కమ్యూనిస్టు అనుకునేరు. 1950ల మొదట్లో సోవియట్ పత్రికలు సైబర్నెటిక్స్‌ని పెట్టుబడిదారుల బూటకపు శాస్త్రమని తిట్టాయి!

1955, 56లో కొన్ని నెలలు కలకత్తాలో మహలనోబిస్ నడిపిన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపాడు. ఆ 1955లోనే అమెరికాలో జాన్ మెకార్తీ బృందం ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే పేరు ఖాయం చేసింది. సైబర్నెటిక్స్‌తో, వీనర్‌తో ముడిపడకుండా ఉండటం కూడా ఆ పేరుకి ఒక కారణమని మెకార్తీ తర్వాత ఒప్పుకున్నాడు.

1964 మార్చి 18న స్టాక్‌హోమ్‌లో గుండెపోటుతో వీనర్ పోయాడు. నేర్చుకునే యంత్రాల మీద ఆయన రాసిన చివరి పుస్తకం 'గాడ్ అండ్ గోలెమ్' ఆ ఏడాదే వచ్చింది. మరుసటి ఏడు దానికి నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు.